ఎంబీబీఎస్‌లో ప్లాస్టిక్ సర్జరీ ఎంత చెప్పాలి, ఏది చెప్పాలి?

హౌస్‌సర్జన్_అయోమయం
కోర్సు మొత్తంలో ప్లాస్టిక్ సర్జరీ పేరుతో మాకు జరిగింది ఒకటో రెండో థియరీ క్లాసులు. గ్రహణం మొర్రి ఫొటోలు, స్కిన్ గ్రాఫ్ట్ (ఒకచోట చర్మం తీసి ఇంకోచోట అతికించడం) రకాలు, చివర్లో ముక్కు ఆపరేషన్‌కి ముందు, తర్వాత స్లైడ్లు. అయిపోయింది. ఇప్పుడు క్యాజువాలిటీలో డ్యూటీ పడ్డాక చూస్తే రాత్రిపూట వచ్చేవన్నీ చేతులు తెగినవి, పెదవి చీలినవి, కాలినవి. సీనియర్‌ని అడిగితే "ప్లాస్టిక్ వాళ్లకి కాల్ పెట్టు" అంటాడు. కాల్ పెడితే అవతల నుంచి వరసగా ప్రశ్నలు: టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లు) చూశావా, స్పర్శ చూశావా, దెబ్బ తగిలి ఎన్ని గంటలైంది, తెగిన ముక్క ఎక్కడుంది? నేను నీళ్లు నమలడం. కంప్లయింట్ అనుకున్నా సరే, నిజంగానే అడుగుతున్నాను. పీజీ చేయని మామూలు డాక్టర్‌కి ఈ సబ్జెక్టులో ఏం తెలిసుండాలి? అది ఎక్కడ, ఎవరు చెప్పాలి?

లాస్ట్‌బెంచ్_డాక్టర్
మీకు క్లాసులైనా జరిగాయి. మాకు ఆ సార్ రావాల్సిన రోజే ఏదో ఒక సెలవు పడేది. మేమూ పెద్దగా కుమిలిపోలేదు లెండి.

బోల్టు_బాబాయ్
నేను ఆర్థో వాణ్ణి, ముందే చెప్పేస్తున్నా, పక్షపాతం ఉంది. కళ్లవాళ్లని అడిగినా, ఈఎన్‌టీ వాళ్లని అడిగినా, మత్తు వాళ్లని అడిగినా అందరిదీ ఒకటే పాట, మా సబ్జెక్టుకి టైం ఇవ్వట్లేదని. టైం ఎక్కడినుంచి వస్తుంది? హెర్నియా కేసు ఇస్తే దిక్కులు చూసే పిల్లాడికి ఫ్లాపులూ (రక్తనాళాలతో సహా చర్మం, కండ జరిపి అతికించడం), మైక్రోసర్జరీ దేనికి? ఆసక్తి ఉన్నవాడు పీజీలో నేర్చుకుంటాడు.

కుట్లమాస్టారు
బోల్టు బాబాయ్ గారూ, ఫ్లాపులు చెప్పమని ఎవరూ అనలేదు, ఆ అబ్బాయి పోస్టు ఇంకోసారి చదవండి. అతను అడిగింది మొదటి కొన్ని గంటల గురించి.

ప్లాస్టిక్ సర్జరీ పాఠం చెప్పేవాడిగా నా అభిప్రాయం ఇది. విద్యార్థికి ఆపరేషన్ చెప్పక్కర్లేదు. ఆపరేషన్ చేసేవాడి దగ్గరకి రోగి చేరేలోపు ఏం పాడవుతుందో అది చెప్పాలి. తెగిన వేలినే తీసుకోండి. ముక్కని సెలైన్‌తో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టేసి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో పెట్టాలి. మూడు వాక్యాల పాఠం. కానీ మా దగ్గరకి వచ్చే వేళ్లు ఎలా వస్తాయో చూడండి. నేరుగా ఐసు ముక్కల మధ్య వేసి తెచ్చినవి గడ్డకట్టి తెల్లగా గట్టిగా అయిపోయి ఉంటాయి, కణాలు చచ్చిపోయాక ఇక అతికించేదేముంది? సెలైన్ గిన్నెలో మునగేసి తెచ్చినవి నాని ఉబ్బిపోయి ఉంటాయి, అందులో మిల్లీమీటరు మందం రక్తనాళం వెతకాలి. కొందరు స్పిరిట్‌లో వేసి పంపిస్తారు. వేలు మామూలు వేడిలో ఇంచుమించు 12 గంటలు, చల్లగా ఉంచితే 24 గంటల దాకా ఆగుతుంది. మోచేతి దగ్గర తెగిన చెయ్యి అయితే కండ ఉంటుంది కాబట్టి ఆరు గంటలకే గండం. ఈ తేడా తెలిసిన డాక్టర్ ఫోన్ చేసే తీరే వేరుగా ఉంటుంది.

1965లో కొమాట్సు, టమాయ్ అనే జపాన్ సర్జన్లు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని మైక్రోస్కోప్ కింద అతికించారు. అంత చరిత్ర ఉన్న పని, చివరికి ఎవరో ఒక గిన్నెడు స్పిరిట్‌తో ఆగిపోతోంది. ఇది పీజీలో నేర్పే విషయమా?

బోల్టు_బాబాయ్
సరే, వేలు విషయంలో ఓడిపోయా. మిగతావాటికి ఇంకా నిలబడే ఉన్నా.

హౌస్‌సర్జన్_అయోమయం
మాస్టారూ, సంచిలో పెట్టాలని తెలుసు, పుస్తకంలో చదివాం. కానీ వేలు తెగినవాడు ఎదురుగా కూర్చుని వణుకుతుంటే ఆ లైను గుర్తుకురాదు. ఒక్కసారి చేతులతో చేసుంటే వచ్చేది.

మత్తుమేడం
ఆ మాట సరిగ్గా చెప్పావు తమ్ముడూ. నా వైపు నుంచి ఒకటి కలుపుతాను: ముందు స్పర్శ చూసి, రాసి, ఆ తర్వాతే మత్తు ఇవ్వాలి. ఎన్నిసార్లు చెప్పినా జరిగేది దానికి తలకిందులే. బ్లాక్ (నరం దగ్గర మత్తు) ఇచ్చేసి, శుభ్రం చేసి, కుట్టడానికి సిద్ధమయ్యాక "మేడం, డిజిటల్ నర్వ్ (వేలి నరం) తెగిందేమో ఎలా చూడాలి" అని అడుగుతారు. ఇక రేపు చూడాలి నాయనా. వేలికి రెండు పక్కలా విడివిడిగా ముట్టుకుని, ఎదురు చేతి వేలితో పోల్చి అడగడానికి ఒక నిమిషం పడుతుంది.

ఇంకోటి. వేళ్లలో అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ వాడితే వేలు కుళ్లిపోతుందని ఇప్పటికీ కొన్నిచోట్ల శాసనంలా చెబుతున్నారు. ఆ పాత కేసుల్లో చాలావరకు 1950కి ముందువి, ప్రొకెయిన్ కాలం నాటివి. ఇప్పుడు చేతి సర్జన్లు రోగిని మెలకువగానే ఉంచి, టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) లేకుండా, అడ్రినలిన్ కలిపిన మందుతోనే టెండన్లు కుడుతున్నారు. రక్తప్రసారం ముందే దెబ్బతిన్న వేలికి మాత్రం జాగ్రత్త. మరీ తెల్లబడితే విరుగుడుగా ఫెంటోలమీన్ ఉంది.

ర్యాంకుల_రాణి
మేడం, పరీక్షలో అడిగితే ఏం రాయాలి? మా పుస్తకంలో వాడకూడదనే ఉంది.

మత్తుమేడం
పరీక్షలో పుస్తకం రాసుకో, వైవాలో నాలాంటిది కూర్చుంటే ఈ పోస్టు చెప్పు.

లాస్ట్‌బెంచ్_డాక్టర్
వైవాలో మీలాంటివాళ్లు ఎప్పుడూ కూర్చోరు మేడం, అదే మా ఖర్మ.

నిశాచరి
విషయం పక్కకి పోతోంది. అసలు స్టూడెంట్లకి కావాల్సింది కాస్మెటిక్. నా బ్యాచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ చేస్తాం అన్నవాళ్లందరూ ముక్కులు, పొట్టలు అన్నవాళ్లే. కాలిన వార్డు చూపించి పిల్లల్ని భయపెడితే ఆ బ్రాంచికి ఎవరు వస్తారు?

కుట్లమాస్టారు
బ్రాంచికి మనుషుల్ని చేర్చుకోవడానికి పాఠం చెప్పడం లేదమ్మా. వంద మందిలో తొంభై తొమ్మిది మంది ఈ బ్రాంచికి రారు. పాఠం వాళ్ల కోసం.

అనాటమీ_అక్క
నిశాచరి చెప్పినదాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. కాస్మెటిక్ కూడా కొంచెం తెలియాలి, చేయడానికి కాకుండా దాని కాంప్లికేషన్లు గుర్తుపట్టడానికి. కనుబొమల మధ్య ముడతలు నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ తీసుకుని కాసేపటికే ఒక కన్ను కనిపించట్లేదని వచ్చే మనిషి క్యాజువాలిటీకే వస్తుంది. ఆ నాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి, ఫిల్లర్ వెనక్కి తన్ని రెటీనా ధమనిని మూసేస్తుంది. లైపోసక్షన్ (కొవ్వు లాగేసే ఆపరేషన్) అయిన మర్నాడు ఆయాసం అంటే ఫ్యాట్ ఎంబాలిజం (కొవ్వు రక్తనాళాల్లో అడ్డుపడటం) కూడా లెక్కలో ఉండాలి. ఇవి చెప్పేటప్పుడు అనాటమీ మళ్లీ గుర్తుచేసే అవకాశం కూడా దొరుకుతుంది. మొదటి ఏడాది ముఖం ధమనులు బట్టీపట్టిన పిల్లలకి అవి దేనికో అప్పుడు అర్థమవుతుంది. నాకైతే ఈ సబ్జెక్టు అనాటమీకి రెండో జన్మ.

బోల్టు_బాబాయ్
అక్క తన సబ్జెక్టు టైం కూడా ఇందులోనే కొట్టేస్తోంది, గమనించారా.

డ్రెస్సింగ్‌రూం_సిస్టర్
నేను డాక్టర్ని కాదు, అయినా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. స్టూడెంట్లు థియేటర్‌కి వస్తారు, వెనక నిలబడి ఆరుగురి తలల మీంచి చూస్తారు, ఏమీ కనపడదు, కాళ్లు లాగుతాయి, వెళ్లిపోతారు. డ్రెస్సింగ్ గదికి మాత్రం ఎవరూ రారు. గ్రాఫ్ట్ పడిందో లేదో తెలిసేది అక్కడే. ఐదో రోజు కట్టు విప్పితే గులాబీరంగులో అంటుకుని ఉన్న గ్రాఫ్ట్ ఒకలా ఉంటుంది, కింద రక్తం చేరి నల్లగా ఉబ్బి జారిపోయేది ఇంకోలా. రెండూ పక్కపక్కన చూసినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. కట్టు విప్పేటప్పుడు తడిపి, ఓపిగ్గా, మూల నుంచి పొరపొరగా తీయాలి. పటుక్కున లాగితే అతుక్కున్నది కూడా గుడ్డతోపాటు వచ్చేస్తుంది.

రోగి ఎక్కువగా ఎక్కడ మొత్తుకుంటాడో కూడా వాళ్లకి తెలియదు. గ్రాఫ్ట్ వేసిన చోట కాదు, తొడ మీద చర్మం తీసిన చోట. రెండు వారాల దాకా అదే బాధ. దానికి నొప్పి మాత్ర రాయడం చాలామంది మర్చిపోతారు.

హౌస్‌సర్జన్_అయోమయం
సిస్టర్, ఈ ఒక్క పోస్టులో మా క్లాసు మొత్తం కంటే ఎక్కువ ఉంది.

ర్యాంకుల_రాణి
గ్రాఫ్ట్‌కీ ఫ్లాప్‌కీ తేడా ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పండి, నిర్వచనం నాకు వచ్చు, అర్థం రాదు.

కుట్లమాస్టారు
గ్రాఫ్ట్ అంటే మట్టి దులిపి నాటిన నారు, ఫ్లాప్ అంటే వేళ్ల చుట్టూ మట్టిగడ్డతో సహా తెచ్చి పెట్టిన మొక్క. గ్రాఫ్ట్‌కి సొంత రక్తం లేదు. మొదటి ఒకటి రెండు రోజులు కింద గాయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది, తర్వాత కింది నాళాలతో కలుస్తుంది. అందుకే పైపొర పోయి తేలిన ఎముక మీద, పొర లేని టెండన్ మీద గ్రాఫ్ట్ పడదు, అక్కడ పీల్చుకోవడానికి ఏమీ లేదు కదా. ఫ్లాప్ తన రక్తం తను తెచ్చుకుంటుంది. ఇది అర్థమైతే వార్డులో ఏ గాయం చూసినా "దీని మీద గ్రాఫ్ట్ నిలుస్తుందా" అని నువ్వే అడుగుతావు. యూజీకి అంతకంటే అక్కర్లేదు. ముందు సులభమైనది, కుదరకపోతే ఇంకో మెట్టు ఎక్కు అనే పాత నిచ్చెన లెక్క కూడా చెప్పొచ్చు. కానీ 1994లోనే గాట్లీబ్, క్రీగర్ అనే ఇద్దరు నిచ్చెన కాదు లిఫ్ట్ అన్నారు, అవసరమైతే నేరుగా పై అంతస్తుకే పోవాలని. ఆ వాదన పీజీలకి వదిలేద్దాం.

ర్యాంకుల_రాణి
ఇది అర్థమైంది. థాంక్యూ మాస్టారూ.

పాత_ఫిజీషియన్
మాస్టారూ, మీరు చెప్పేవన్నీ ఎమర్జెన్సీ మెడిసిన్ పాఠాలు. వాటికి ప్లాస్టిక్ సర్జరీ అని పేరు పెట్టి ప్రత్యేకంగా పోస్టింగ్ ఎందుకు? ఎమర్జెన్సీ వాళ్లే చెప్పొచ్చు. కాలినవాళ్లకి ఫ్లూయిడ్ లెక్క ఎవరు చెబితేనేం?

కుట్లమాస్టారు
ఎవరైనా చెప్పొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఫార్ములా చెప్పడం వేరు, లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పడం వేరు. 60 కిలోల మనిషి, 30 శాతం కాలాడు. పార్క్‌లాండ్ ఫార్ములా ప్రకారం 4 మిల్లీలీటర్లు × బరువు 60 × కాలిన శాతం 30, అంటే 7200 మిల్లీలీటర్లు 24 గంటలకి, అందులో సగం 3600 మొదటి 8 గంటల్లో. ఇది అందరూ చేస్తారు. ఆ 8 గంటలు కాలిన టైం నుంచి, ఆసుపత్రికి వచ్చిన టైం నుంచి కాదు. మూడు గంటలు ఆలస్యంగా వస్తే మిగిలినవి ఐదే, గంటకి 720. ఇక్కడ సగం మంది పడిపోతారు.

రెండోది శాతం. ఎర్రబడిన చర్మాన్ని కూడా కలిపేసి 15ని 30 చేసేస్తారు. పొక్కులు రాకుండా ఊరికే ఎర్రబడినది లెక్కలోకి రాదు. రోగి అరచెయ్యి, వేళ్లతో సహా, సుమారు ఒక శాతం. మన అరచెయ్యి కాదు, రోగిది. చిన్నపిల్లల విషయంలో ఈ ఒక్క మాట మరిస్తే లెక్క ఎటో పోతుంది.

పాత_ఫిజీషియన్
4 ఇంకా పట్టుకుని కూర్చున్నారా? ఏటీఎల్ఎస్ అనే అత్యవసర వైద్య శిక్షణ పుస్తకం పదో ఎడిషన్ 2018లోనే పెద్దవాళ్లకి మంట గాయాలైతే 2తో మొదలుపెట్టమంది. నీళ్లు ఎక్కువై ఊపిరితిత్తులు నిండినవాళ్లని చివరికి చూసుకునేది మేమే.

కుట్లమాస్టారు
నిజమే, 2తో అయితే అదే రోగికి గంటకి 360తో మొదలవుతుంది. అందుకే మా పిల్లలకి ఫార్ములా చెప్పిన వెంటనే యూరిన్ బ్యాగ్ చూపిస్తాం. మొదలుపెట్టడానికే ఫార్ములా, ఆ తర్వాత పెద్దవాళ్లకి కిలోకి గంటకి అర మిల్లీలీటరు యూరిన్ వస్తోందా అన్నదాన్నిబట్టి పెంచడం, తగ్గించడం. మీరు ఎడిషన్ గురించి చెప్పిన మాట పిల్లలకి ఎవరు చెప్పాలన్నదే కదా మన గొడవ? వచ్చి కలిసి చెప్పండి, కాదన్నానా?

పాత_ఫిజీషియన్
పిలిస్తే వస్తాను. కరెంటు షాక్ కేసులు నాకు వదిలేయండి, చర్మం మీద రూపాయంత మచ్చ, లోపల కండంతా ఉడికిపోయి యూరిన్ ఎర్రగా గోధుమరంగులో వస్తుంటే శాతం లెక్కేసుకుంటూ కూర్చునేవాళ్లని చూసి చూసి విసిగిపోయా.

జీడీఓ_ఒంటరి
నేను స్పెషలిస్టులు లేనిచోట పనిచేస్తున్నా. నాకు ప్లాస్టిక్ సర్జరీలో అన్నిటికంటే పనికొచ్చింది పెదవి కుట్టడం గురించి ఒక సీనియర్ చెప్పిన చిన్న చిట్కా. మత్తు ఎక్కించకముందే పెదవి ఎరుపు, చర్మం కలిసే గీతకి రెండు వైపులా పెన్నుతో చుక్క పెట్టుకో, మందు ఎక్కితే వాచి గీత కనపడదు. మొదటి కుట్టు ఆ రెండు చుక్కలు కలిసేలా వెయ్యి, మిగతావి తర్వాత. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా ఎదురుగా కూర్చుని మాట్లాడేవాడికి కనపడిపోతుంది. అలాగే కనుబొమ ఎప్పుడూ గొరగొద్దు, గొరిగితే కలపడానికి ఆనవాలు పోతుంది.

ఏది కుట్టకూడదో కూడా చెప్పాలి. పిడికిలి కణుపు మీద చిన్న గాటుతో వస్తాడు, తలుపుకి తగిలిందంటాడు. ఆ తలుపుకి పళ్లుంటాయి. పిడికిలి బిగించిన స్థితిలో చూస్తే కీలు దాకా దారి కనపడుతుంది, వేళ్లు చాపితే టెండన్ జరిగి మూసుకుపోతుంది. అది కుట్టేసి పంపితే రెండ్రోజుల్లో కీలు నిండా చీముతో వస్తాడు.

లాస్ట్‌బెంచ్_డాక్టర్
"ఆ తలుపుకి పళ్లుంటాయి", ఇది మా క్యాజువాలిటీ గోడ మీద రాయిస్తా.

బోల్టు_బాబాయ్
చేతి ఇన్‌ఫెక్షన్ల మాట వచ్చింది కాబట్టి, వేలి టెండన్ తొడుగులో చీము పట్టిందని చెప్పే కానవెల్ నాలుగు గుర్తులు ఎవరైనా చెప్పండి చూద్దాం. గూగుల్ చేయకుండా.

ర్యాంకుల_రాణి
వేలు కాస్త ముడిచి పెట్టుకోవడం, వేలంతా సమానంగా వాపు, ఫ్లెక్సర్ షీత్ (వేలు ముడిచే టెండన్ తొడుగు) పొడవునా నొక్కితే నొప్పి, మనం చాపితే విపరీతమైన నొప్పి.

బోల్టు_బాబాయ్
సరే, ఇది ఆర్థో క్లాసులో చెప్పిందే కదా? అంటే మేమూ ప్లాస్టిక్ పాఠం చెబుతున్నట్టే.

కుట్లమాస్టారు
మరి ఇందాకటి నుంచి ఎవరితో గొడవ పడుతున్నారు?

చరిత్ర_పిచ్చి
మీరందరూ ఎమర్జెన్సీ అంటున్నారు కానీ ఈ సబ్జెక్టుకి ఇంకో ముఖం ఉంది. 1943లో కాలినవాళ్ల మీద పరుల చర్మం ఎందుకు నిలవడం లేదని గిబ్సన్ అనే ప్లాస్టిక్ సర్జన్, మెడవార్ అనే జీవశాస్త్రవేత్త కలిసి రాసిన పేపర్ నుంచే రిజెక్షన్ అనేది రోగనిరోధక వ్యవస్థ పని అని తేలడం మొదలైంది. 1954లో కవలల మధ్య కిడ్నీ మార్చిన జోసెఫ్ మర్రే ప్లాస్టిక్ సర్జనే, 1990లో నోబెల్ వచ్చింది. ఇమ్యునాలజీ క్లాసులో ఈ కథ చెబితే పిల్లలు నిద్రపోరు. సుశ్రుతుడి ముక్కు స్లైడు ఒక్కటే చరిత్ర అనుకుంటే ఎలా?

నిశాచరి
చరిత్రకి స్లైడు వేస్తే సగం క్లాసు అక్కడే అయిపోతుంది, చూశాం కదా.

చరిత్ర_పిచ్చి
సగం క్లాసు అడగలేదు, ఐదు నిమిషాలు అడిగాను.

ర్యాంకుల_రాణి
ఎవరూ చెప్పని సంగతి నేను చెబుతా. మార్కులు లేనిది ఎవరూ చదవరు. మీరు డ్రెస్సింగ్ గదికి పంపినా అటెండెన్స్ వేయించుకుని లైబ్రరీకి పోతాం. పరీక్షలో పెట్టండి, చచ్చినట్టు నేర్చుకుంటాం.

అనాటమీ_అక్క
ఈ పిల్ల చెప్పింది కటువుగా ఉన్నా నిజం. పరీక్షకి రోగి కూడా అక్కర్లేదు. తోటి విద్యార్థి వేలి మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత గీసి "ఇక్కడ గాజు కోసింది, చూడు" అనండి. వేలి చివరి కణుపు ఒక్కటే వంచమంటాడా, మిగతా వేళ్లు చాపి పట్టుకుని మధ్య కణుపు వంచమంటాడా, రెండు పక్కలా స్పర్శ చూస్తాడా, గోరు నొక్కి రంగు తిరిగి రావడం చూస్తాడా. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. చేతికి అనాటమీ వచ్చో రాదో కూడా.

హౌస్‌సర్జన్_అయోమయం
కుట్లు వేయడం ప్రాక్టీసుకి ఏం వాడతారు? మేం స్పాంజి మీద వేశాం, చర్మానికీ దానికీ సంబంధమే లేదు.

కుట్లమాస్టారు
స్పాంజి ముడి నేర్చుకోవడానికి చాలు. చర్మం చేతికి తెలియాలంటే పంది కాలు మంచిది, డెర్మిస్ (చర్మం లోపొర) అసలుదానికి దగ్గరగా ఉంటుంది. దాని మీద జెడ్-ప్లాస్టీ (Z ఆకారంలో కోసి చర్మం పొడవు పెంచే పద్ధతి) కూడా గీయించండి, 60 డిగ్రీల కోణాలతో లెక్క ప్రకారం పొడవు 75 శాతం పెరగాలి, స్కేలు పెట్టి కొలిస్తే అంత రాదు. చర్మం కాగితం కాదని అప్పుడే తెలుస్తుంది.

జీడీఓ_ఒంటరి
ఒక మనవి. ఫోన్‌లో ప్లాస్టిక్ వాళ్లకి కేసు చెప్పడానికి గాయం ఫొటో పంపడం ఇప్పుడు మామూలైంది, దానివల్ల మాకు మేలే జరిగింది. కానీ ముఖం కనపడకుండా, రోగిని అడిగి తీయాలని, పని అయ్యాక గ్రూపుల్లో తిప్పకూడదని కూడా ఈ పాఠంలోనే చెప్పండి. కాలిన ముఖాలు గుడ్‌మార్నింగ్ మెసేజుల మధ్య కనిపిస్తున్నాయి.

డ్రెస్సింగ్‌రూం_సిస్టర్
దీనికి వంద లైకులు.

మత్తుమేడం
ఎస్కరాటమీ (కాలి బిగుసుకున్న చర్మాన్ని కోసి వదులు చేయడం) యూజీకి చెప్పాలా మాస్టారూ? చుట్టూ కాలి తోలులా బిగుసుకుపోయిన ఛాతీతో, వెంటిలేటర్ ప్రెషర్లు పైకి పోతూ, కోసేవాడు రాక నేను ఎదురుచూడాల్సి వచ్చిన రాత్రులున్నాయి.

కుట్లమాస్టారు
గుర్తుపట్టడం తప్పనిసరిగా చెప్పాలి. కొయ్యడం నేను చూపిస్తాను, చేయించను. ఎక్కడ గీత పెట్టాలో మాత్రం బొమ్మ మీద గీయిస్తా, ముఖ్యంగా మోచేతి లోపలివైపు అల్నార్ నర్వ్ ఎక్కడుందో చెప్పించాకే.

బోల్టు_బాబాయ్
కాలిన శాతం గుర్తులు పెట్టించే బాడీ చార్టు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, మా హౌస్ సర్జన్లకి ప్రింట్ తీయిస్తా. అలా చూడకండి, రోగులు కాలిన కాళ్లతో మా వార్డుకీ వస్తారు.

డ్రెస్సింగ్‌రూం_సిస్టర్
పెద్దవాళ్లదా, పిల్లలదా సార్?

బోల్టు_బాబాయ్
తేడా ఉంటుందా?

ర్యాంకుల_రాణి
పెద్దవాళ్లకి తల 9, ఒక్కో కాలు 18 సార్. ఏడాది లోపు పిల్లలకి తలే 18, ఒక్కో కాలు 14. రెండూ ప్రింట్ తీయించండి.